సైకిలు వంటిది

లాడ్జి సెంటర్లో చెయ్యి అడ్డం పెట్టారు.
బ్రేకు పట్టాను, మోటారు ఆగింది,
సానరాయి మాత్రం ఇంకో రెండు చుట్లు తిరిగి
తననెవరో పిలిచినట్టు నిలబడింది.

"ఏంటిది?" అన్నాడు కానిస్టేబులు.
అరవై ఒక్కేళ్లలో దీని గురించి
నన్నెవరూ ఇంత సూటిగా అడగలేదు.

ఏంటిదంటే,
స్టాండు వేస్తే దుకాణం.
తొక్కితే రాయి తిరుగుద్ది, రవ్వలు లేస్తయ్,
బ్రాడీపేట నాలుగో లైను ఆడాళ్లు
కత్తిపీటలు పట్టుకుని మెట్లు దిగుతారు.
స్టాండు తీస్తే సైకిలు,
మా నాయన కొన్న రోజు నుంచీ సైకిలే.
మీట నొక్కితే మాత్రం...
అక్కడే కదయ్యా నువ్వు చెయ్యెత్తింది.

మొన్న ఎండాకాలం
మూడు వంతెనల కింద నుంచి పైకెక్కుతుంటే
ఎడమ మోకాలు "ఇక చాల్లే దస్తగిరీ" అంది.
ఆటోలకి వైండింగు చేసే సుభానీ
వెనక చక్రం పక్కన ఈ డబ్బా బిగించి, చైను తగిలించి
"రెండొందల యాభై వాట్లే చిన్నాయనా,
లైసెన్సు ఎవడూ అడగడు" అన్నాడు.
డబ్బా మీద స్టిక్కరూ అదే అంటది.
స్టిక్కరు కింద ఇంకో స్టిక్కరుందేమో
వాడూ గోకలేదు, నేనూ గోకలేదు.

"హెల్మెట్టేది?"
"సైకిలుకా సార్?"
"మోటారుకి."
"మోటారు వెనకుంది సార్, తల ముందుంది."

ఏసుపాదం (పేరు చొక్కా మీదుంది) నవ్వలేదు.
చేతి మిషను తీశాడు.
బండి నంబరు కొట్టమంది అది.
లేదని నోటితో చెప్పాడు దానికి.
నంబరు కొట్టమంది.
నాలుగు సున్నాలు కొట్టాడు.
సరైన నంబరు ఇవ్వమంది, ఎంత మర్యాదో!
నంబరు లేనోడికి
తప్పు చేసే యోగ్యత కూడా లేదు కాబోలు.

జీపులోంచి ఎస్సై దిగాడు, కుర్రాడు,
మీసం ఇంకా కొత్త చీపురు లాగుంది.
"ఎంత స్పీడు పోద్ది?"
"ఇరవై సార్.
ఏటుకూరు రోడ్డులో మిర్చి టిక్కీల లారీ వెనకపడితే ఇరవై రెండు."
"కంపెనీ నుంచి అట్లాగే రావాలి.
ఇంట్లో కట్టుకున్నది చెల్లదు."
"కట్టుకున్నది చెల్లదా సార్!
ముప్పై ఎనిమిదేళ్లు కాపరం చేశానే."
కొబ్బరిబోండాలవాడు కత్తి వదిలేసి నవ్వాడు.
ఆ కత్తికి పదును పెట్టింది నేనే.

చివరికి కాగితం మీదే రాయమన్నారు.
జీపు బానెట్టు మీద కార్బను పెట్టి
'వాహనం రకం' దగ్గర ఆగాడు ఏసుపాదం.
మోటారు సైకిలు అని రాశాడు, కొట్టేశాడు.
సైకిలు అని రాశాడు, నా డబ్బా వంక చూశాడు.
చాలాసేపు పెన్ను చివర కొరికి
పక్కన ఇంకో మాట చేర్చాడు:
సైకిలు వంటిది.

ఆ మాట నాకు కొత్త కాదు.
దూదేకులోళ్లం.
ఇంట్లో తెలుగు, మసీదులో నమాజు,
పెళ్లిలో తాళీ, నిఖా రెండూ.
మా నాయన దూది బద్ద భుజానేసుకుని నిలబడితే
లెక్కలు రాసుకునే గుమాస్తా ఇట్లాగే
పెన్ను కొరికాడంట, ఇటూ అటూ చూశాడంట.
ఏం రాశాడో నాయన చెప్పలేదు.
చదవడం రాదు ఆయనకి.

మోటారు చైను ఒక్కటీ విప్పించుకున్నారు.
నేరం దాన్లోనే ఉందిట.
డబ్బా, బ్యాటరీ, రాయి, నేను
నిర్దోషులం.
రేపు పదింటికి కొన్న రసీదు తెమ్మన్నారు.
రసీదా, అంటాడు సుభానీ. నాకు తెలుసు.

ఆగిపోయిన మోటారంత బరువు
లోకంలో ఇంకోటి లేదు.
మూడు వంతెనల దగ్గర దిగి నెట్టాను.
చెమటకి జేబులో కాగితం తడిసి
'సైకిలు' అలుక్కుపోయింది,
'వంటిది' మిగిలింది.

పైకి రాగానే టైలరు షాపులోంచి కేక:
"సాన పడతావా?"
స్టాండు వేశాను.
నంబరు అడగలేదు ఆయన.
మోకాలు ఏదో అంది, వినలేదు.
రవ్వలు లేచాయి.
కత్తెర మొన బొటనవేలి గోరు మీద ఆన్చి చూసుకుని
"ఇంకొంచెం" అన్నాడు.